ఆఫీసులో ఏఐ వాడకానికి ముందు ఎవరి మద్దతు కూడగట్టాలి?

చెన్నై_క్వాలిటీ:
అంబత్తూరులో ఆటో విడిభాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ విభాగం నాది. కస్టమర్ కంప్లెయింట్ వస్తే 8డీ రిపోర్టు రాయాలి, అంటే లోపం ఏమిటి, ఎందుకొచ్చింది, ఏం సరిచేశాం అని ఎనిమిది అంచెల్లో చెప్పే రిపోర్టు. పాత రిపోర్టులు సర్వర్‌లో కుప్పలుగా పడి ఉన్నాయి. ఇలాంటి లోపం ఇంతకుముందు ఏ లైనులో వచ్చింది, అప్పుడేం చేశాం అని వెతకడానికే పూట గడిచిపోతుంది. ఆ వెతుకులాట, మొదటి డ్రాఫ్టు ఏఐకి ఇద్దామని అడిగాను. ఎండీ గారు సరేనన్నారు. మీటింగులో అందరూ తలూపారు, బయటికొచ్చాక ఒక్కరూ కదలరు. ప్లాంట్ హెడ్ ‘పాక్కలాం’ (చూద్దాం) అంటారు. ఐటీ వాళ్లు ఫైళ్లకు యాక్సెస్ ఇవ్వరు. ఎవరు ఎవరి మాట వింటారో పటం గీసుకోమని స్నేహితురాలు చెప్పింది. ఎలా గీయాలి? ఇది ఆఫీసు రాజకీయం అవుతుందా?

పీణ్య_మెయింటెనెన్స్:
ఒకరి మీదికి ఒకరిని ఎగదోస్తే రాజకీయం అండీ. ఎవరి బాధ ఏమిటో తెలుసుకుని వెళ్లడం మర్యాద.

ఆర్గ్ చార్ట్ పక్కన పెట్టండి. క్రాక్‌హార్ట్, హాన్సన్ అనే ఇద్దరు 1993లో ఒక వ్యాసంలో, ఆఫీసు మనుషుల మధ్య అల్లుకునే మూడు వలల్ని వేరుచేసి చూపించారు: పనిలో సందేహమొస్తే ఎవరిని అడుగుతారు, మనసులో మాట ఎవరికి చెప్పుకుంటారు, మామూలుగా ఎవరితో మాట్లాడుతుంటారు. మూడింటికీ జవాబు ఒకే మనిషి కాకపోవచ్చు. మా ప్లాంటులో బ్రేక్‌డౌన్ లాగ్‌ను ఏఐతో చదివించాలనుకున్నప్పుడు, మేనేజర్ సంతకం పెట్టే ముందు టూల్‌రూమ్ సీనియర్ ముఖం చూడటం గమనించాను. చార్టులో ఆయన అట్టడుగున ఉంటారు. నేను ముందు ఆయన దగ్గరికే వెళ్లాను.

ఆ పటం మాత్రం మీ నోట్‌బుక్ దాటనివ్వకండి. షేర్డ్ ఎక్సెల్‌లో ఎవరి పేరు పక్కనైనా ‘వ్యతిరేకి’ అని రాసి, అది ఆ మనిషి కంటపడితే ఇక నిజంగానే వ్యతిరేకి అవుతారు.

రిటైర్డ్_బ్యాంకు:
అమ్మా, ఇలాంటిది మేం చూశాం. బ్యాంకుల్లో యంత్రాల వాడకం మీద 1983లో ఉద్యోగ సంఘాలతో ఒప్పందం కుదిరింది, 1984లో రిజర్వ్ బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ దాని మీదే నివేదిక ఇచ్చింది. తర్వాత బ్రాంచీలకు ఖాతాల పద్దులు ఎక్కించే లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు వచ్చాయి. ఉద్యోగాలు పోతాయన్న సంఘాల మాటలో న్యాయముంది, అందుకే కూర్చుని కాగితం మీద తేల్చుకున్నారు. మా మైలాపూర్ బ్రాంచిలో భయం ఇంకో రకం. ఖాతాదారు పేరు వినగానే పుస్తకం తెరవకుండా ఫోలియో (లెడ్జర్ పేజీ) నంబరు చెప్పే హెడ్ క్లర్క్ ఒకాయన ఉండేవారు. మెషీనొస్తే తనని అడిగే దిక్కుండదని ఆయన దిగులు. మేనేజరు గారు రోజూ సాయంత్రం మెషీన్ బ్యాలెన్సులు సరిచూసే పని ఆయనకే అప్పగించారు. ఆయన ‘సరే’ అన్నాక ఏ కౌంటరూ ఎదురు చెప్పలేదు. మీ దగ్గర పాత కంప్లెయింట్లు నోటికొచ్చిన మనిషెవరో చూడు తల్లీ.

చెన్నై_క్వాలిటీ:
ఉన్నారండీ! లైన్ ఇన్‌స్పెక్షన్‌లో 20 ఏళ్లకు పైగా ఉన్న ఒక సార్. ప్లాంట్ హెడ్ టీ తాగేది కూడా ఆయనతోనే. మరి ఐటీ సంగతి?

పీణ్య_మెయింటెనెన్స్:
వాళ్ల అభ్యంతరం పూర్తిగా వినండి, అందులో పస ఉంటుంది. శాంసంగ్ ఇంజినీర్లు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని 2023లో బయటపడ్డాక, ఆ కంపెనీ అలాంటి టూల్స్ మీద ఆంక్షలు పెట్టింది. మీ 8డీ ఫైళ్లలో కస్టమర్ డ్రాయింగులుంటాయి, వాటికి ఎన్‌డీఏ (బయటపెట్టబోమన్న ఒప్పందం) ఉండే ఉంటుంది. డేటా బయటికి పోని ఏర్పాటు ఏదో ఐటీ వాళ్లనే ఎంచమనండి. డ్రాయింగులు తీసేసి, ముగిసిపోయిన కంప్లెయింట్లతో మొదలుపెట్టండి.

ఇన్‌స్పెక్షన్ సార్‌కు ఒక మాట ఇవ్వండి: 8డీలో నాలుగో అంచె, అంటే మూలకారణం, మనిషే రాస్తారు. ఏఐ అక్కడ కూడా నమ్మేలా నాలుగు వాక్యాలు రాసేస్తుంది, కానీ లైను మీద ఏం జరిగిందో అది చూడలేదు కదా. ఆయన సంతకం లేనిదే ఏ డ్రాఫ్టూ కస్టమర్‌కు వెళ్లదని ఎండీ గారి చేత మెయిల్ పెట్టించండి. అది వచ్చాకే ప్లాంట్ హెడ్‌ను కలవండి, వీలైతే సార్‌ను వెంటబెట్టుకుని.