పి నుంచి ఆర్‌కి వేస్తే కింద ‘టంగ్’: గేర్‌బాక్స్ దించాలా, షాఫ్ట్ చూడాలా?

అల్లూరు గుంటలు
అన్నలూ, నాది డీజిల్ ఆటోమేటిక్ పికప్, ఫోర్ బై ఫోర్. లక్ష కిలోమీటర్లు దాటింది. రొయ్యల గుంటల మీదికి మేత బస్తాలు, ఏరేటర్ మోటార్లు తోలడానికే ఎక్కువ వాడతా. ఈ మధ్య పొద్దున్నే స్టార్ట్ చేసి లివర్ పి (పార్క్) లోంచి ఆర్‌ (రివర్స్)కి లాగితే కింద ‘టంగ్’మని ఒక దెబ్బ. ఆర్ లోంచి డి (డ్రైవ్) కి వేసినా అంతే. హైవే ఎక్కినాక మాత్రం గేర్లు మారేది కూడా తెలీదు, అంత నున్నగా పోతది. ఒక షెడ్డులో గేర్‌బాక్స్ దించి ఓవరాలింగ్ చెయ్యాలన్నారు. వాళ్లు చెప్పిన రేటు వింటే బండి అమ్మేద్దామా అనిపించింది. ఇంకొకాయనేమో ఆటోమేటిక్‌కి అది మామూలే, పాటల సౌండ్ పెంచుకో అన్నాడు. ఎవరి మాట వినాల?

చీమకుర్తి టిప్పర్
రెండో ఆయన మాట. క్లచ్ పెడల్ లేని బండి కొన్నాక ఇట్టాంటివన్నీ భరించాల్సిందే.

ఒంగోలు సిక్స్ స్పీడ్
మామూలు అని వదిలేస్తే రేపు బాక్సే పోతది. తమ్ముడూ, గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చావు? ‘జీవితకాలం ఆయిల్’ అని ఎవరో చెప్తే నమ్మి లక్ష తిప్పేసేవాళ్లే అందరూ. ఆయిల్ నల్లబడి మడ్డి చేరితే బాక్సులో ఆయిల్‌ని దారి మళ్లించే వాల్వ్ బాడీ ఉంటది, దాంట్లో సోలినాయిడ్లు (కరెంటుతో నడిచే చిన్న వాల్వులు) ఆయిల్ ప్రెషర్ సరిగా వదలవు. బాక్సు లోపలి క్లచ్ మెల్లగా పట్టాల్సింది ఒక్కసారిగా పట్టేస్తది, నీకు తగిలే దెబ్బ అదే. ముందు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ ఆయిల్), ఫిల్టర్ మార్పించు. మిగతావి తర్వాత.

ఆటోనగర్ బాబాయ్
అబయా, బాక్స్ దించబాక. ముందు ఈ ఒక్కటి చెప్పు: లివర్ లాగిన మరుక్షణమే మోత వస్తా ఉందా, సెకనో రెండో ఆగి దబ్బుమంటా ఉందా? ఆగి దబ్బుమంటే ఒంగోలాయన చెప్పినట్టు ప్రెషర్ కత. ఆయిల్ తగ్గినా, లోపల సీళ్లు పోయినా క్లచ్ నిండడానికి టైం పడతది, నిండినాక గుద్దుద్ది. లాగిన వెంటనే ఇనుము మీద ఇనుము తగిలినట్టు ‘టంగ్’మంటే అది వెనకాల ఎక్కడో సందు.

నువ్వు ఆర్ వేస్తే ఇంజిన్ బలం, బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి పోయే పొడుగు షాఫ్ట్‌ని ఒక పక్కకి తిప్పుద్ది, డి వేస్తే రెండో పక్కకి. షాఫ్ట్ క్రాసులు (షాఫ్ట్ మడత పడే చోట ప్లస్ గుర్తులా ఉండే జాయింట్లు), జారుడు జాయింట్ పళ్లు, సెంటర్ బేరింగ్, వెనక యాక్సిల్ హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ పళ్లచక్రాలు, ఇన్నిచోట్ల ఇసుమంత ఇసుమంత సందు ఉంటే అన్నీ ఒకేసారి మూసుకుంటాయి. ఆ మోతే నీకు వినిపించేది. హైవే మీద బలం ఎప్పుడూ ఒకే పక్కకి ఉంటది, సందు మూసుకునే ఉంటది, అందుకే నున్నగా పోతా ఉంది. బాక్సులో క్లచ్ అరిగుంటే హైవే మీదే ముందు బయటపడేది. యాక్సిలేటర్ తొక్కితే ఆర్పీఎం లేస్తది, బండి మాత్రం లాగదు.

ఇంకోటి. నీది గుంటల బండి. ఉప్పునీళ్ల బురదలో తిరిగితే క్రాస్ కొసలకి బేరింగు పట్టుకునే కప్పులుంటాయి, వాటి సీళ్లు ఎంతకాలం ఆగుతాయి?

ఒంగోలు సిక్స్ స్పీడ్
బాబాయ్, పాత ఆయిలుంటే ఏ జాప్యం లేకుండానే గట్టిగా పట్టే బాక్సులు నేను చూశా. వెంటనే వచ్చిందని షాఫ్ట్ మీద తోసెయ్యలేం.

ఆటోనగర్ బాబాయ్
నేనూ చూశా. కానీ అది సీటు వెనక మెత్తగా తోసినట్టు ఉంటది, ఇట్టా మోగదు. వాదనెందుకు, షాఫ్ట్ చేత్తో పట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా తేలిపోతది.

సమంగా ఉన్న నేల మీద పెట్టు. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి, ఎన్ (న్యూట్రల్) లో వెయ్యి. క్రాస్‌కి అటో చెయ్యి ఇటో చెయ్యి వేసి ఎదురెదురుగా తిప్పు. క్రాస్‌లో ఆట ఇంతకూడా ఉండకూడదు. షాఫ్ట్ మొత్తం కలిసి కొద్దిగా తిరిగి ఆగిందంటే అది హౌసింగ్‌లో పళ్ల సందు, కొంత ఉండటం సహజమే. కప్పుల అంచు దగ్గర టార్చి వేసి చూడు. తుప్పురంగు పొడి కనపడితే లోపల సూది రోలర్లు గ్రీజు లేక ఎండిపోయినట్టే. కమాన్ కట్టల యూ బోల్టులు కూడా పానాతో చూడు, వదులైతే యాక్సిలే కదిలి మోగుద్ది.

చీమకుర్తి టిప్పర్
కుర్రోణ్ణి కిందికి దూర్చి పైన డి, ఆర్ మార్చి చూపిస్తారు కొన్ని షెడ్లలో. ఆ పని చెయ్యబాక తమ్ముడూ. క్వారీ కాడ లైట్‌గా కదిలిన బండి కింద ఏమవుద్దో చూసినోణ్ణి. ఇంజిన్ ఆన్‌లో ఉంటే కింద మనిషి ఉండకూడదు, అంతే. ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు చూడాలన్నా బోనెట్ ఎత్తి, బ్రేక్ గట్టిగా తొక్కి, చూసేవాడు పక్కన నిలబడి చూడాల, ముందర కాదు.

ఆటోనగర్ బాబాయ్
నూటికి నూరుపాళ్లు నిజం. మనం ఇంతసేపటికి ఒక మాట మీదికొచ్చాం.

కనిగిరి కొండ దారి
అల్లూరు తమ్ముడూ, బండి పెట్టేది యాడ? గట్టు వాలు మీద హ్యాండ్ బ్రేక్ వెయ్యకుండా పి ఒక్కటే వేసి దిగతావా? అట్టయితే బండి బరువంతా బాక్సులో ఉండే చిన్న పాల్ (పి వేస్తే పళ్లలో పడి బండిని ఆపే కొక్కెం) మీద పడతది. పొద్దున పి లోంచి తీస్తే అది ఊడొచ్చే మోత కూడా ‘టంగే’. ఆగినాక ఎన్ వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, కాలి బ్రేక్ వదిలి, బండి హ్యాండ్ బ్రేక్ మీద కుదురుకున్నాక మళ్లీ తొక్కి పి వెయ్యి. అట్టా చేస్తే పి, ఆర్ మధ్య మోత పోయి ఆర్, డి మధ్యది మిగిలిందనుకో, రెండు జబ్బులు కలిసున్నట్టు.

అల్లూరు గుంటలు
బాబాయ్, కనిగిరి అన్నా, ఇద్దరూ చెప్పినట్టు చేశా. లివర్ లాగిన వెంటనే వస్తా ఉంది, ఆగడం లేదు. కట్ట మీద వాలులోనే పెడతా ఉంటా, నిజమే. హ్యాండ్ బ్రేక్ ముందు వేసే అలవాటు చేశాక పొద్దుటి మోత సగం తగ్గింది. కిందికి దూరి చూస్తే హౌసింగ్ పక్క క్రాస్‌లో ఆట చేతికి తెలిసిపోతా ఉంది. ఒక కప్పు చుట్టూ ఇటుక పొడి పూసినట్టు ఉండాది. ముందు క్రాస్ బాగానే ఉంది. దీనికి గ్రీజు నిపుల్ కూడా లేదు, సీలు చేసిన రకం.

ఆటోనగర్ బాబాయ్
క్రాస్ మార్పిస్తే చాలు. షాఫ్ట్ విప్పేముందు ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే బిళ్ల) మీదా షాఫ్ట్ మీదా పెయింటుతో గీత పెట్టించు, ఎట్టుందో అట్టే ఎక్కించాల. తిప్పి ఎక్కిస్తే స్పీడు పెరిగేకొద్దీ కింద వణుకు మొదలవుద్ది, అప్పుడు చక్రాల బ్యాలెన్సింగ్ అని ఇంకో షెడ్డు తిరుగుతావు. కొత్తది నిపుల్ ఉన్న రకం దొరికితే అదే వేయించు, నీ ఉప్పు నేలకి అదే మేలు.

అల్లూరు గుంటలు
మార్పించా. డి కి వేస్తే ఇప్పుడు మోతే లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆర్‌కి వేస్తే మాత్రం లోపల మెత్తగా ‘దబ్’మంటా ఉంది. వేడెక్కితే లేదు.

ఒంగోలు సిక్స్ స్పీడ్
చెప్పానా! ఆయిల్. మెషీన్ పెట్టి మొత్తం ఫ్లష్ చేయించు.

ఆటోనగర్ బాబాయ్
చల్లగా ఉంటే ఐడిల్ (యాక్సిలేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) ఎక్కువుంటది, ఆ ఊపుకి కొంత వస్తది. స్టార్ట్ చేసి ఆర్పీఎం దిగేదాకా ఆగి ఆర్ వెయ్యి, తేడా చూడు. ఆయిల్ మార్చొద్దని నేననలా, లక్ష దాటిన బండికి మార్చాల్సిందే. మెషీన్ మాత్రం వద్దు. కింద ప్లగ్ విప్పి దించి పోయించు. అట్టా ఒక్కసారికి సగం కూడా దిగదు, మిగతాది ఎక్కువగా ఇంజిన్‌కీ బాక్సుకీ మధ్యుండే కన్వర్టర్‌లో ఉంటది. అందుకని కొంచెం తిరిగాక ఇంకోసారి దించి పొయ్యాల.

ఒంగోలు సిక్స్ స్పీడ్
రెండుసార్లు దించి పోస్తే పనీ రెండుసార్లు బాబాయ్, మెషీన్‌తో ఒక్కసారికే అయిపోద్ది. దీనికి నేను ఒప్పుకోను.

ఆటోనగర్ బాబాయ్
ఒప్పుకోబాక. అబయా, ఏ పద్ధతైనా సరే, కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పోయించు. అన్ని బండ్లకీ పనికొస్తదని డబ్బా మీద రాసుంటే తీసుకోబాక. ఈ రకం బాక్సులకి చాలావాటికి ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ ఉండదు. ఆయిల్ చెప్పిన వేడికి వచ్చినాక ఇంజిన్ నడస్తా ఉండగానే లెవెల్ ప్లగ్ విప్పి చూడాల. ఆయిల్ వేడి చూపే స్కానర్ లేని షెడ్డులో ఆ పని చేయించబాక.