రెండు టీవీ ఎపిసోడ్లు అతికిస్తే సినిమా అయిపోతుందా?

గుర్రపుడెక్క:
హాలీవుడ్ నటులు ఛార్లెస్ బ్రాన్సన్, లీ మార్విన్ బొమ్మలు అట్ట మీద పక్కపక్కనే ఉన్నాయని ‘ద మీనెస్ట్ మెన్ ఇన్ ద వెస్ట్’ డీవీడీ కొన్నాను. చివరిదాకా చూసినా ఇద్దరూ ఒక్క ఫ్రేములో కనబడరు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ‘ద వర్జీనియన్’ అనే అమెరికా కౌబాయ్ టీవీ సీరియల్లో మార్విన్ వేసిన 1962 నాటి ఎపిసోడ్‌నీ, బ్రాన్సన్ వేసిన 1967 నాటి ఎపిసోడ్‌నీ కోసి అతికించి, 1970ల్లో సినిమా అని వదిలారట. అప్పటికి బ్రాన్సన్ పెద్ద స్టార్ కదా! ఏ సంబంధమూ లేని రెండు పాత్రల్ని అన్నదమ్ముల్ని చేసేశారు. ఇది మోసం కాదా?

రీలుపెట్టె:
మోసం అనేది పెద్ద మాటండి. వర్జీనియన్ ఆషామాషీ సీరియల్ కాదు. ఎన్‌బీసీ అనే అమెరికా ఛానెల్లో 90 నిమిషాల స్లాటు, కలర్లో తీశారు. ప్రకటనలు పోగా ఒక్కో ఎపిసోడ్ గంటంపావు వస్తుంది. అంతకంటే చిన్న వెస్టర్న్‌లు, అదే కౌబాయ్ సినిమాలు, హాళ్లలో ఎన్ని ఆడలేదు? డిస్నీ వాళ్లు 1954–55లో టీవీలో వేసిన ‘డేవీ క్రాకెట్’ అనే వీరుడి కథ మూడు భాగాల్నీ కలిపి 1955లోనే థియేటర్లకిచ్చారు. టీవీలో నలుపు తెలుపులో వచ్చింది హాల్లో రంగుల్లో పడింది. అదీ మోసమేనా?

గుర్రపుడెక్క:
డేవీ క్రాకెట్‌కి హీరో ఒకడే, దర్శకుడూ ఒకడే. ఇక్కడ మధ్యలో ఐదేళ్లు గడిచిపోయాయి. కథ జరిగే రాంచ్ (పశువుల క్షేత్రం) యజమాని జడ్జి గార్త్‌గా వేసిన లీ జె. కాబ్ 1966లోనే సీరియల్ మానేశాడు. బ్రాన్సన్ ఎపిసోడ్ తీసేనాటికి రాంచ్ యజమానే మారిపోయాడు! అయినా నేనడిగింది ఒక్కటే. ఇద్దరూ ఒక్క ఫ్రేములో ఉన్నారా, లేరా?

టీ_బిస్కట్:
కలిసి కావాలంటే ‘ద డర్టీ డజన్’ చూసుకోండి బాసూ. ఇద్దరూ ఉంటారు.

రీలుపెట్టె:
ఫ్రేము, ఫ్రేము అని పట్టుకున్నారేంటండీ? ఫోన్లో మాట్లాడుకునే సీన్లలో ఇద్దరూ ఒకే చోట ఉంటారా? ఎడిటింగ్ అంటేనే లేనిది ఉన్నట్టు చూపించడం. మీకు డీవీడీ డబ్బులు పోయాయని బాధ. అది చెప్పుకోండి, చాలు.

గుర్రపుడెక్క:
నోరు అదుపులో పెట్టుకోండి. డబ్బులు నేనెప్పుడడిగాను? మార్విన్ ఎపిసోడ్ రాసిందీ తీసిందీ హాలీవుడ్ దర్శకుడు శామ్యూల్ ఫుల్లర్. రెండు ఎపిసోడ్లూ కలిపితే రెండున్నర గంటలు. ఈ సినిమా రెండు గంటలు కూడా లేదు. పోయినదాంట్లో ఆయన సీన్లెన్నో! పైగా దర్శకులుగా ఫుల్లర్, బ్రాన్సన్ ఎపిసోడ్ తీసిన ఛార్లెస్ డూబిన్ ఇద్దరి పేర్లూ కలిపి వేశారు. ఎవరి ఎపిసోడ్ వాళ్లు విడిగా తీసుకున్నవాళ్లు!

ఎందుకింత మంట అంటారా? నేనో తెలుగు సీరియల్‌కి కో-డైరెక్టర్‌గా చేశాను. దాన్నే కుదించి, చివర్లో హీరోయిన్ బతికినట్టు మార్చి, ‘ఫుల్ మూవీ’ అని ఆన్‌లైన్లో పెట్టారు. టైటిల్స్‌లో నా పేరు లేదు. మా డైరెక్టర్ గారి పేరుంది, ఆయన తియ్యని క్లైమాక్స్ మీద!

నల్గొండ_నవ్వులు:
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది.

రీలుపెట్టె:
అయితే మీ గొడవ మీ నిర్మాతతో. ఒప్పందంలో హక్కులన్నీ రాసిచ్చి ఉంటారు కదా? హాలీవుడ్ స్టూడియోల్లో అప్పుడూ అంతే. జీతమిచ్చారు, ఫిల్మ్ వాళ్లది. ఇంకో మాట. నాకు ఫుల్లర్ పేరు తెలిసిందే ఈ అతుకుల బొంత వల్ల. 249 ఎపిసోడ్ల సీరియల్లో ఆ ఒక్కటీ వెతుక్కుని ఎవడు చూస్తాడండీ?

గుర్రపుడెక్క:
అమ్ముకోమని సంతకం పెట్టాం. కథ మార్చి మా పేరు మీద నడపమని కాదు. ఫిల్మ్ ఎవరిదని నేనడగలేదు. అందులో ఉన్న పని ఎవరిదని అడుగుతున్నాను.

రీలుపెట్టె:
చట్టంలో ఆ రెండూ ఒకటే.

గుర్రపుడెక్క:
చట్టం సంగతి నాకు తెలుసు, అనుభవించాను. ఫుల్లర్ ఎపిసోడ్ పేరు ‘ఇట్ టోల్స్ ఫర్ దీ’. ముందు అది మొత్తం చూసి రండి. మీరు తెలుసుకున్నది ఫుల్లర్‌నా, ఆయన పేరునా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.

టీ_బిస్కట్:
లింకు ఉంటే పెట్టండి సార్, మేమూ చూస్తాం.