నల్లరేగడిలో ప్రీఫ్యాబ్ ఇల్లు: పైల్సా, రాఫ్టా?

20×40 అడుగుల స్టీల్ ఫ్రేమ్ ప్రీఫ్యాబ్ (ఫ్యాక్టరీలో చేసిన భాగాలు తెచ్చి బిగించే) ఇంటికి పునాది తేల్చుకోవాలి, సలహా చెప్పండి. నేల నల్లరేగడి; ఎండాకాలం రెండు వేళ్లు దూరేంత పగుళ్లు, వానకి ఉబ్బు. ఇల్లు తేలిక, నేలని అణచిపెట్టే బరువుండదు. విడి పెడస్టల్స్ (ఒక్కో స్తంభం కింద వేరే కాంక్రీట్ దిమ్మె) వేస్తే ఒక్కోటీ ఒక్కోలా లేచి ప్యానెల్ జాయింట్లు విడిపోతాయి, తలుపులు పట్టేస్తాయి. అందుకే అవి వద్దనుకున్నా.

అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దింపే, అడుగు దగ్గర ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీట్ స్తంభాలు) 3.5 మీటర్లు దింపి, పైన వాటిని కలుపుతూ గ్రేడ్ బీమ్ (కాంక్రీట్ దూలం), నేల ఉబ్బినా తాకకుండా దాని కింద 80 మి.మీ. ఖాళీ అనుకుంటున్నా. ఆ ఖాళీలోకి మట్టి చేరకుండా అంచులు ఎలా మూస్తున్నారు? లేక మట్టి మార్చి రాఫ్ట్ (ఇల్లంతటి కింద ఒకే కాంక్రీట్ పలక) వేస్తే సరిపోతుందా?

ఇంకోటి: ఫ్రేమ్‌ని పునాదికి బిగించే యాంకర్ బోల్టులు టెంప్లేట్‌తో (బోల్టుల్ని సరైన చోట పట్టి ఉంచే అచ్చు పలక) ముందే కాంక్రీట్‌లో పోయించాలా, ఫ్రేమ్ నిలబెట్టాక కెమికల్ యాంకర్లా (రంధ్రం చేసి జిగురుతో అతికించే బోల్టులు)? బీమ్ వెడల్పు 230 మి.మీ.నే, బోల్టు అంచుకి దగ్గరైతే కాంక్రీట్ పెచ్చు ఊడుతుంది కదా.