"పున్నాగ కానవే": పోతన అడిగింది ఏ చెట్టును?

కావలి నుంచి ప్రశ్న: దశమస్కంధంలో గోపికలు "పున్నాగ కానవే పున్నాగవందితు" అని చెట్టును అడుగుతారు గదా. మన నెల్లూరు వైపు పున్నాగ పూలంటే పొడుగు కాడలతో తెల్లగా రాలేవి, దారం లేకుండా కాడలనే జడగా అల్లేవి. బొటానికల్ గార్డెన్ బోర్డులో పున్నాగ అని ముదురాకుల చెట్టుకు రాస్తారు. ఏది సరి?

ఒంగోలు: బోర్డే సరి అన్నా. ఆ కాడల పూలు కాడమల్లివి, ఆకాశమల్లి అని కూడా అంటారు. అది బర్మా వైపు చెట్టు. పోతన చెప్పింది పొన్న. సంస్కృత భాగవతంలో ఇదే సందర్భంలో "నాగ పున్నాగ చంపకాః" అని వరసగా ఉంది. నాగ అంటే నాగకేసరం, అది మళ్లీ వేరే చెట్టు. రెండో "పున్నాగ" చెట్టు కాదు, మగవాళ్లలో శ్రేష్ఠులు. వాళ్లు మొక్కేవాడు పున్నాగవందితుడు. పద్యం సొగసంతా ఆ శ్లేషలోనే ఉంది.

కందుకూరు: అయితే పుం, నాగ కలిసి పున్నాగ అయింది. సంస్కృత పదమే గదా, పొన్న దాని వికృతి అనుకోవచ్చా?

ఒంగోలు: తిరగేసి చూడండి. తమిళంలో పున్నై. తమిళ ఉకారానికి చాలా చోట్ల తెలుగులో ఒకారం వస్తుంది: పుగై-పొగ, ఉడల్-ఒడలు, కుడై-గొడుగు. పున్నై-పొన్న ఆ లెక్కలోనే సరిపోతుంది. అరువు మాటైతే ఇంత పద్ధతిగా కుదరడం అరుదు. ద్రావిడం నుంచే సంస్కృతంలోకి వెళ్లిందనే వాదన నాకు గట్టిగా కనిపిస్తుంది. పుం+నాగ అన్నది తర్వాత చెప్పుకున్న వ్యుత్పత్తి.

కోట: తోటలో బోర్డు ఊడిపోయుంటే పోల్చుకునేదెట్టా?

ఒంగోలు: పొద్దున ఆరు, ఏడు మధ్య పోండి. కాడమల్లి, పొగడ రాత్రి పూసి తెల్లారేసరికి రాల్తాయి. ఊడ్చేవాళ్లు వచ్చారంటే ఆనవాలు ఉండదు. నేల మీద జానెడులో సగం ఉండే గొట్టాల పూలుంటే కాడమల్లి. చిన్న నక్షత్రంలా, నడుమ చిల్లితో ఉంటే పొగడ, ఆ చిల్లిలోంచే దారం ఎక్కిస్తారు. పొన్న పువ్వు వేరు: తెల్లని రేకులు, నడిమిన పసుపు కేసరాల కుచ్చు, అందులో గులాబీ రంగు గుండ్రటి బుడిపె.

పూలు లేని రోజున ఆకును ఎండకు ఎదురుగా పట్టండి. పొన్న ఆకు దళసరిగా, నున్నగా ఉంటుంది. పక్క ఈనెలు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా, ఒకే వాలున అంచుదాకా పోతాయి. పొగడ ఆకు అంచు అలలా వంగుతుంది. కాడమల్లి ఆకు చిన్న చిన్న ఆకులుగా చీలుంటుంది.

కందుకూరు: తుంచితే పాలు వస్తే పొన్నే గదా?

ఒంగోలు: అక్కడే పొరబడేది. పొగడకూ పాలుంటాయి. కొమ్మను చూడండి: పొన్నకు ఆకులు ఎదురెదురుగా జంటగా, పొగడకు ఒకటి విడిచి ఒకటి. రాలిన ఆకును చూసి ఈ సంగతి తేలదు. కాయా గుర్తే: పొన్నకాయ గోళీ కంటే పెద్దది, గుండ్రంగా, పచ్చగా, లోపల ఒకే గింజ. దాని నూనె దీపాలకు వాడేవాళ్లు. పొగడ పండు పండితే నారింజ రంగు.

కావలి: బ్రహ్మోత్సవాల్లో కృష్ణుడిని ఎక్కించే పొన్న వాహనం ఈ చెట్టేనా?

ఒంగోలు: పేరును బట్టి ఇదే. చిత్రమేమంటే సంస్కృత భాగవతంలో చీరలెత్తుకుని కృష్ణుడు ఎక్కింది నీపం, అంటే కడిమి. మనవాళ్లు పొన్న చేసుకున్నారు.

కోట: మరి పొన్నగంటి కూర?

ఒంగోలు: దానికీ ఈ చెట్టుకూ ఏ చుట్టరికమూ లేదు. అది నీటి చెమ్మలో పాకే ఆకుకూర, తమిళంలో పొన్నాంగణ్ణి. అందులో పొన్ అంటే బంగారం.