‘సినుమ్’ ఆ, ‘సిను’ ఆ? సుబ్వేనీతె చరణంలో ఒక మకారం

గంటం: సుబ్వేనీతె ఒక రెస్పాన్సరీ, అంటే మరణ సమయంలో పల్లవి, చరణాలుగా పాడే లాటిన్ ప్రార్థన. దాని చరణంలో ఒక ముక్క నన్ను వదలడం లేదు. "సుషీపియాత్ తే క్రిస్తుస్, క్వీ వొకావిత్ తే, ఎత్ ఇన్ సిను... అబ్రహే ఆంజెలీ దేదూకాంత్ తే". అంటే, నిన్ను పిలిచిన క్రీస్తు నిన్ను స్వీకరించు గాక, దూతలు నిన్ను అబ్రహాము ఒడి... తోడ్కొనిపోదురు గాక. ఆ ‘సిను’ చివర మకారం ఉందా, లేదా?

స్వరలిపి: ఉంది. 1614 నాటి రోమన్ చర్చి కర్మకాండ పుస్తకం రితువాలే రొమానుమ్‌లో ‘సినుమ్’ అనే ఉంది. దేదూకాంత్ గమనార్థక క్రియ, కాబట్టి ద్వితీయే, ‘ఒడిలోకి’ అనే ‘సినుమ్’ రావాలి. ‘సిను’ (‘ఒడిలో’, మన సప్తమి లాంటిది) అంటే ఆత్మ అప్పటికే అబ్రహాము ఒడి చేరిపోయినట్టు. ఇక దూతలు తోడ్కొనిపోవడం ఎక్కడికి?

రాయసం: అచ్చుపుస్తకంతో అంత తొందరగా తేల్చెయ్యకండి స్వరలిపి గారూ. చేతిరాతల్లో పదాంత మకారాన్ని తరచు అక్షరంగా రాయరు, ముందున్న అచ్చు మీద చిన్న అడ్డగీత పెడతారు. గీత వెలిసిపోతే చాలు, ద్వితీయ కాస్తా సప్తమి అయిపోతుంది. పైగా రాసేవాడికి రెండు రూపాలూ కంఠస్థమే. లాటిన్ బైబిలైన వుల్గాతాలో లూకా 16:22 దగ్గర బిచ్చగాణ్ణి దూతలు మోసుకుపోయేది ‘ఇన్ సినుమ్ అబ్రహే’. మరుసటి వచనంలోనే ధనవంతుడు తలెత్తి చూస్తే లాజరు ఉన్నది ‘ఇన్ సిను ఏయుస్’, అతని ఒడిలో.

మంజీర: మన బైబిల్లో ‘అబ్రాహాము రొమ్మున’ అని ఉంది. ఆ ‘న’ గమనానికీ, స్థితికీ రెంటికీ సరిపోయింది.

గంటం: చేతిరాతల్లో పదాల మీద రాసే స్వర గుర్తులు, న్యూమ్‌లు చూస్తే తేలదా? హల్లును స్వరంలో కలిపి పలకమనే లిక్వెసెంట్ గుర్తు ఉంటే మకారం పలికినట్టేగా.

స్వరలిపి: ఉంటే బలమే. లేకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు. ఆ గుర్తు ఎక్కువగా కనిపించేది మ, న, ల, ర తర్వాత మరో హల్లు వచ్చినచోట. ఇక్కడ తర్వాతది ‘అబ్రహే’, అచ్చు.

రాయసం: నా వాదం వేరు. పాట ఎక్కడ పడుతుందో చూడండి. 49వ రోమన్ ఓర్దోలో, అంటే పాత రోమన్ పూజావిధి క్రమాల్లో ఒకదానిలో, వరస ఇది: మరణం దగ్గరపడగానే దివ్యసత్ప్రసాదం, ఆత్మ విడిచేదాకా క్రీస్తు పాటుల పఠనం, విడిచాకే సుబ్వేనీతె, ఆ వెంటనే ‘ఇన్ ఎక్సితూ ఇస్రాయెల్’ కీర్తన, ‘కోరుస్ ఆంజెలోరుమ్’ (దూతల గణం) అనే, కీర్తనకు జతగా పాడే చిన్న పాట, యాంటిఫన్‌తో. ఊపిరి ఉండగా సుబ్వేనీతె ఎత్తుకోరు. ఎత్తుకునేసరికి ఆత్మ బయల్దేరిపోయింది. అలాంటప్పుడు సప్తమి మరీ అసంగతమేమీ కాదు.

స్వరలిపి: బయల్దేరడం వేరు, చేరడం వేరు. దేదూకాంత్ ‘తీసుకుపోదురు గాక’ అనే ప్రార్థన. ఇంకా జరగలేదు గనకే అడుగుతున్నారు.

మంజీర: మకారం కన్నా నన్ను పట్టేసింది సర్వనామం. పల్లవి దూతలను పిలుస్తూ ‘ఆనిమామ్ ఏయుస్’, అతని ఆత్మను, అంటుంది. చరణం ఒక్కసారిగా మరణించినవాడి వైపు తిరిగి ‘తే’, నిన్ను, అంటుంది. పోతన గజేంద్రుడు "రావే యీశ్వర! కావవే వరద!" అని తన ప్రాణానికి తానే పిలిచాడు. ఇక్కడ నోరు పడిపోయినవాడి తరఫున చుట్టూ ఉన్నవాళ్లు పిలుస్తున్నారు. ఫ్రాన్సులోని క్లూనీ మఠంలో అందుకేగా, ఒకడు పోబోతుంటే, చెక్కపలక తాబులా మోగగానే చేస్తున్న పని వదిలేసి, విశ్వాస ప్రకటన క్రేదో పాడుకుంటూ మఠమంతా పరుగెత్తేది. బూడిద మీద పరిచిన గోనెపై ఒక్కడే పోకూడదు.

స్వరలిపి: సర్వనామం మారడం వల్లే గాయకులు తడబడతారు కూడా. రితువాలే వరసలో మొదటి చరణం అయ్యాక పల్లవిని తిరిగి అందుకోవాల్సింది ‘సుషీపియెంతెస్’ (స్వీకరిస్తూ) నుంచి. రెండోదైన ‘రేక్వియెమ్’ చరణం తర్వాత మాత్రం ‘ఒఫెరెంతెస్’ (సమర్పిస్తూ) నుంచే. చరణం మొదట్లోనూ ‘సుషీపియాత్’ ఉండటంతో రెండూ కలగలిపి ‘ఆనిమామ్ తే’ అనేస్తారు.

రాయసం: ‘ఇన్ ఎక్సితూ’ మాటెత్తాక ఇటలీ కవి దాంతేను తలచుకోకుండా ఉండలేను. ఆయన కావ్యం ‘పుర్గతోరియో’ రెండో కాంటోలో (సర్గలో), పడవలో వందకు పైగా ఆత్మలు ఒకే గొంతుతో ఆ కీర్తనే పాడతాయి, అదీ ‘ఆ తర్వాత రాసి ఉన్నదంతా’ కలిపి. వుల్గాతా 113వ కీర్తన మన లెక్కలో 114, 115 కలిపినది. అంటే ‘మృతులు నిన్ను స్తుతించరు’ అన్న మాటను కూడా చచ్చిపోయినవాళ్లే పాడుతున్నారు! దాంతే తెలిసే పెట్టాడు.

గంటం: ఆ పాదం నాకూ ప్రాణం. అయితే చివరిదాకా పాడారంటారా? అక్కడ దూత శిలువ గుర్తు వేయగానే అందరూ ఒడ్డుకు దూకేస్తారు కదా.

మంజీర: పాడాకే దూకారు. 46 నుంచి 51వ పాదం దాకా వరస చూడండి.

రాయసం: మకారం సంగతి మాత్రం నేను ఒప్పుకోలేదు, స్వరలిపి గారూ.