కోల బల్లకు ఇత్తడి పట్టీ మూడంగుళాలు తక్కువ పడింది, తప్పు 22/7దేనా?

మొగల్రాజపురం వాసి:
భోజనాల బల్ల చేయించాను. పొడవు ఆరడుగులు, వెడల్పు మూడున్నర, మూలలు లేకుండా కోలగా ఉంటుంది. అంచుకు ఇత్తడి పట్టీ వేయించాలని వడ్రంగిని కొలత అడిగితే, పొడవూ వెడల్పూ కలిపి సగం చేసి 22/7తో గుణించాడు. 14 అడుగుల 11 అంగుళాలు వచ్చింది. అంతే కోయించి తెచ్చాం. తీరా చుట్టి చూస్తే రెండు కొసల మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు. 3.14 వేసి ఉంటే సరిపోయేదా? అసలు కోలగా ఉన్నదానికి ‘పై’ పనికొస్తుందా? అతుకు కనపడకుండా ఇత్తడి అతికేవారు గవర్నరుపేట వైపు ఎవరైనా ఉన్నారా?

బ్రాడీపేట పంతులు:
22/7 అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఏటా సగం తరగతి ‘పై విలువ 22/7’ అని సమానం గుర్తు పెట్టి మరీ రాసేది. ‘పై’ కరణీయ సంఖ్య, ఏ భిన్నానికీ సమానం కాదు. 1761లోనే లాంబర్ట్ నిరూపించాడు. మీ వడ్రంగికి తగిన శాస్తి జరిగింది.

ఆటోనగర్ లేతు:
శాస్తి సరే మాస్టారూ, లెక్క వేసి చూశారా? 22/7 అసలు విలువ కంటే పెద్దది. ఆర్కిమెడీస్ నాడే తేలిన సంగతి అది. పెద్ద సంఖ్యతో గుణిస్తే పట్టీ మిగలాలి గానీ తక్కువ ఎలా పడుతుంది? ఆ మిగిలేదైనా మీటరు వ్యాసానికి ఒకటింబావు మిల్లీమీటరు. ఈ బల్లకు రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. రంపం కోతలోనే అంతకంటే ఎక్కువ పోతుంది. 3.14 వేసి ఉంటే పట్టీ ఇంకాస్త పొట్టిదయ్యేది.

బ్రాడీపేట పంతులు:
అంటే తప్పును తప్పు అనకూడదా? పోనీ భిన్నమే కావాలంటే 355/113 ఉంది. దశాంశ బిందువు తరువాత ఆరు స్థానాల దాకా సరిపోతుంది. 22/7 రెండు స్థానాలకే చేతులెత్తేస్తుంది.

కొత్తపేట కుర్రాడు:
మార్చి 14ను ‘పై’ దినం అంటారు కదా, అది నెల ముందు రాసే అమెరికావాళ్ల పద్ధతి. మనం రోజు ముందు రాస్తాం కాబట్టి 22/7 అంటే జులై 22. అదే మన పండగ. పైగా మార్చిలో పెడితే ఇంటర్ పరీక్షల గొడవలో ఎవరొస్తారు?

బ్రాడీపేట పంతులు:
బాబూ, జులై 22ను ‘పై’ ఉజ్జాయింపు దినం అంటారు. ఉజ్జాయింపు! చదువుకుని మాట్లాడు.

కొత్తపేట కుర్రాడు:
మార్చి 14 కూడా 3.14కే కదండీ. అదీ ఉజ్జాయింపే.

అరండల్‌పేట టైలరమ్మ:
‘పై’కి దినం పెట్టడం తరువాత చూద్దురు గానీ, నా సంగతి వినండి. గొడుగులా తిరిగే లంగా కుట్టేటప్పుడు నడుము 28 అంగుళాలైతే 6.28తో భాగిస్తాను. నాలుగున్నరకు ఒక్క గీత తక్కువ వస్తుంది. గుడ్డను నాలుగు మడతలు వేసి, మడత మూల దగ్గర టేపు కొస పట్టుకుని ఆ కొలతకు సుద్దతో గుండ్రంగా గీస్తాను. పొడవు 38 కావాలంటే అదే మూల నుంచి నలభై రెండున్నరకు ఇంకో గీత. కింద అంచుకు లేసు అయిదు మీటర్లు చాలని షాపులో ఒకాయన వాదించాడు. నలభై రెండున్నరను 6.28తో గుణిస్తే 267 అంగుళాలు, ఏడు మీటర్లకు కాస్త తక్కువ. ఏడు మీటర్లు కొన్నాను, సరిగ్గా సరిపోయింది. ఇంకొకటి, పొడవు ఒక్క అంగుళం పెంచితే లేసు ఆరుంబావు అంగుళాలు పెరుగుతుంది. చంటిపిల్ల లంగాకైనా పెళ్లికూతురి లంగాకైనా ఆ పెరిగేది మారదు.

బ్రాడీపేట పంతులు:
అమ్మా, నూటికి నూరు మార్కులు. భూమధ్యరేఖ చుట్టూ బిగుతుగా తాడు కట్టి, దాన్ని ఒక్క మీటరు పొడిగిస్తే నేలకు అన్నివైపులా సుమారు 16 సెంటీమీటర్లు లేస్తుందని చెబితే నా విద్యార్థులు నవ్వేవారు. ఇదీ అదే లెక్క.

అమరావతి రోడ్డు:
అమరావతి మహాచైత్యం వ్యాసం సుమారు 50 మీటర్లు. అంటే ఒక చుట్టు 157 మీటర్ల నడక. మధ్యలో మేకు పాతి తాడు తిప్పితే వలయం వచ్చేస్తుంది, దానికి ఏ సంఖ్యా అక్కర్లేదు. చుట్టూ నిలపడానికి ఎన్ని రాతి పలకలు చెక్కించాలో ముందే చెప్పాలంటే మాత్రం కావాలి. 499లోనే ఆర్యభటుడు 20,000 వ్యాసానికి 62,832 చుట్టుకొలత అని ఇచ్చి, ఇది దగ్గరి విలువేనని కూడా చెప్పాడు. మనవాళ్ల పేరు ఒక్కరైనా ఎత్తుతారేమోనని ఇందాకటి నుంచీ చూస్తున్నాను.

పటమట పెద్దాయన:
పురికొస అంచు చుట్టూ పెట్టి కొలిస్తే అయిపోయేదానికి ఆర్యభటుడిని ఎందుకు లేపుతారు?

బ్రాడీపేట పంతులు:
పురికొస సాగుతుంది.

పటమట పెద్దాయన:
మూడంగుళాలు సాగదు లెండి.

మొగల్రాజపురం వాసి:
అందరికీ నమస్కారం. నా బల్ల గురించి కూడా ఎవరైనా చెబుతారా?

ఆటోనగర్ లేతు:
చెబుతాను. తప్పంతా ఆ సగటుది. కోలగా ఉన్నదాన్ని పొడవు వెడల్పుల సగటు తీసి వృత్తం లాగా లెక్కిస్తే ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఎంత సాగితే అంత తేడా. దీర్ఘవృత్తం చుట్టుకొలతకు కచ్చితమైన చిన్న సూత్రం లేదు. 1914లో రామానుజన్ ఇచ్చిన ఉజ్జాయింపు మాత్రం మన పనులకు బంగారం. మీ సగం పొడవు 3, సగం వెడల్పు 1.75. రెంటినీ కలిపి మూడింతలు చేస్తే 14.25, పక్కన పెట్టండి. ఇప్పుడు 3కు మూడింతలు చేసి 1.75 కలపండి, 10.75. 1.75కు మూడింతలు చేసి 3 కలపండి, 8.25. ఈ రెంటినీ గుణించి వర్గమూలం తీస్తే 9.417. దాన్ని 14.25లోంచి తీసేయగా మిగిలిన 4.833ను ‘పై’తో గుణిస్తే 15.18 అడుగులు. అంటే 15 అడుగుల రెండుంబావు అంగుళాలు. మీ సందు దొరికిందా?

బ్రాడీపేట పంతులు:
నేను చెప్పబోతున్నది అదే.

మొగల్రాజపురం వాసి:
దొరికిందండీ, ధన్యవాదాలు. పైన అద్దం కూడా వేయించాలనుకుంటున్నాను. దానికి కూడా ఇంత తతంగమా?

ఆటోనగర్ లేతు:
వైశాల్యానికి ఏ తంటా లేదు. సగం పొడవు, సగం వెడల్పు, ‘పై’ మూడూ గుణించడమే. పదహారున్నర చదరపు అడుగులు.

పటమట పెద్దాయన:
బిల్లు మాత్రం ఆరూ మూడున్నర గుణించి 21కి వేస్తారు. మా ఇంట్లో కోల అద్దానికి అలాగే వేశారు. అదేమంటే మూలలు వృథా పోయాయన్నారు.

కొత్తపేట కుర్రాడు:
పలక నాలుగు మూలలదే వస్తుంది కదండీ, వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

పటమట పెద్దాయన:
ఆ నాలుగున్నర అడుగులకూ డబ్బు నాది అయినప్పుడు ముక్కలు కూడా నావే. ఇవ్వమంటే చెత్తలో వేశామన్నారు.

అరండల్‌పేట టైలరమ్మ:
మేము మిగిలిన గుడ్డ మూటగట్టి తిరిగి ఇచ్చేస్తాం. మీరు కోత మొదలుపెట్టేటప్పుడే పక్కన నిలబడి అడగండి. బిల్లు కట్టాక ఎవరూ వినరు.