సమస్య: పీతఁ దినని వాఁడె పీతఁ దినియె

నిర్వాహకుడు: ఈ వారం సమస్యాపూరణం ఆటవెలది పద్యంలో. నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడూ మీరు రాయాలి. వంటింటి సంగతే కదా అని తేలిగ్గా తీసుకోకండి, చిక్కంతా ఆ రెండు ‘పీత’ల్లోనే ఉంది.

నకిరేకల్:
కోస్త వారి పేరు కొత్తగా ననిపించి
వద్దు వద్దటంచు వాఁడు లేచె
నెండ్రికాయ యనఁగ నెంతయో రుచి యని
పీతఁ దినని వాఁడె పీతఁ దినియె

ఇది కల్పన కాదు సార్. భీమవరంలో పెళ్లికి పోయినప్పుడు మా బామ్మర్ది చేసిన పనే. పీత అంటే ఏదో పురుగనుకున్నాడు. గిన్నెలో పట్టుకారు లాంటి కాళ్లు కనపడగానే “ఇది మన ఎండ్రికాయే కదా బావా!” అని మళ్లీ కూర్చున్నాడు.

నిర్వాహకుడు: ‘కోస్త’ అని కుదించావు, పోనీలే. సముద్రంలోది పీత, పొలం గట్టు బొరియలోది ఎండ్రికాయ అని వాదించేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఊరు మారితే పేరు మారింది, అంతే. కర్కాటకం, కుళీరం అన్నా అదే. వేరే జాతి కావాలంటే రొయ్య ఉంది. దాని తోక వెనక్కి సాగి ఉంటుంది. ఎండ్రికాయ తన తోకను పొట్ట కిందికి మడుచుకుంటుంది. తిరగేసి చూడు, ఆ మడత వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది. కాళ్లు రెంటికీ పదే. మీసాల్లో మాత్రం రొయ్యదే పైచేయి, సామెత ఉండనే ఉంది.

హాలియా:
చెరువు గట్టు మీద నెండ్రికాయలు పట్టి
యింటి వెనక పొయ్యి నెలమిఁ గాల్చి
యమ్మ చూడకుండ నన్నకుఁ జెప్పక
పీతఁ దినని వాఁడె పీతఁ దినియె

నిర్వాహకుడు: తమ్ముడూ, మొదటి పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత, తప్పింది. ‘చె’కు ‘నె’ కుదరదు. చెరువు తీసేసి ‘ఏటి గట్టు మీద’ అను, ఏ–ఎ సరిపోతాయి. మూడో పాదం మాత్రం భలే ఉంది, దొంగతనం కళ్లకు కట్టింది. సాగర్ పక్కవాడివి, నీలకంఠ రొయ్యను తెస్తావనుకున్నా. మంచినీటి రొయ్యల్లో మగదానికుండే ఆ పొడుగు నీలి చేతులకు ఒక పద్యం బాకీ.

పాలమూరు:
పచ్చ వన్నె తోడి పండు మామిడి కిట
పీత మనెడి పేరు పెట్టె నొకఁడు
మాంస మంటనట్టి మా యింటి లోపల
పీతఁ దినని వాఁడె పీతఁ దినియె

మాది కొల్లాపూర్ వైపు, మామిడి రాకుండా పద్యం ఎలా రాస్తాను?

నిర్వాహకుడు: అక్కా, ఊహ అందరికన్నా మీదే కొత్తది. కానీ పసుపు రంగు ‘పీతము’. రెండో పాదంలో మీరే ‘పీతము’ అన్నారు. అది తింటే ‘పీతముఁ దినియె’ కావాలి, ‘పీతఁ’ కాదు. సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘పీతా’ అంటే పసుపు, మన వంటింటి పసుపే. దాన్ని పట్టుకుంటే గట్టెక్కుతారు.

పాలమూరు: అయితే మామిడి వద్దు, పులిహోర చేస్తాను.

పసుపు బువ్వఁ గలిపి పళ్లెరమ్మున నుంచి
పీత యనిరి దానిఁ బెద్ద లెల్ల

మూడో పాదం మాత్రం మార్చను సార్.